ఆరు మోపుల అబద్ధం

సెక్యూరిటీవాళ్లు ఎల్లమ్మ పొయ్యిని గడ్డపారతో కొట్టినప్పుడు దాని మీద అన్నం ఉడుకుతోంది. గంజి మట్టిలోకి కారింది. గిన్నె దొర్లుకుంటూ పోయి కాంట్రాక్టరు రామచంద్రం బూటు దగ్గర ఆగింది. ఆయన కాలు కొంచెం వెనక్కి తీసుకున్నాడు, అంతే. పనుల వేళ అది. మాదాపూర్ రోడ్డు మీద కంపెనీ బస్సులు వరసగా పోతున్నాయి. కిటికీల్లోంచి చూసినవాళ్లు చూశారు, నిద్రపోయేవాళ్లు నిద్రపోయారు. క్యాంపులో ఉన్న నలభై పొయ్యిల్లో సెక్యూరిటీవాళ్లు ఆ పూట ఎనిమిది పగలగొట్టారు. మిగతావి మీరే తీసేసి, గుడిసెలు విప్పుకుని శుక్రవారం లోపల ఖాళీ చేయాలన్నారు. శుక్రవారం విదేశాల నుంచి పెద్దమనుషులు వస్తున్నారు. ఆ రోజు సోమవారం.

మేమేం తప్పు చేశామని ఎల్లమ్మ అడిగింది. పాలమూరు నుంచి వచ్చి మూడేళ్లుగా ఆ అద్దాల బిల్డింగుకు ఇటుక మోసిన మనిషి ఆమె. రామచంద్రం చేతిలోని రిపోర్టు తెరిచి తెలుగులో అర్థం చెప్పాడు. భూమిని వేడెక్కించే పొగ ఈ ఆవరణలో ఎంత పుడుతోందో సర్వే చేశారట. అందులో ఎక్కువ పాలు కూలీల క్యాంపులోని కట్టెల పొయ్యిలదేనట. ఒక్కో పొయ్యికి వారానికి ఆరు మోపుల కట్టె కాలుతోందని క్యాంపువాళ్లే స్వయంగా చెప్పారట.

ఎల్లమ్మ రామచంద్రాన్ని చూడలేదు. గోడ పక్కన నిలబడ్డ నన్ను చూసింది.

"నువ్వు చెప్పుమన్నదే చెప్పిన, పోచన్నా," అంది.

ఈ కథ వినే కార్మికులూ విద్యార్థులూ ముందు నా తప్పు వినాలి. నా పేరు పోచయ్య. బాలానగర్‌లో పద్దెనిమిదేళ్లు లేతు మెషిను మీద పనిచేశాను, యూనియన్ జెండా మోశాను. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఈ అద్దాల బిల్డింగులో జనరేటరు ఆపరేటరుగా చేరాను. ఆ తొంభై తొమ్మిది వేసవిలో కరెంటు రోజుకు ఐదు గంటలు కోత. ఊరంతా విసనకర్రలతో కూర్చుంటే, మా మూడు జనరేటర్లు లోపలివాళ్లను చలిలో ఉంచేవి. వాటి పొగగొట్టాలు మూడూ క్యాంపు వైపే తిరిగి ఉండేవి. ఆరేసిన బట్టలు సాయంత్రానికి మసిబట్టి, పిల్లలు రాత్రంతా దగ్గేవాళ్లు.

మార్చిలో సోమేశ్వరరావు వచ్చాడు. రాజమండ్రి వైపు మనిషి, పొగ సర్వేలు చేసే బొంబాయి సంస్థ తరఫున వచ్చాడు. దేశాలన్నీ జపానులో కూర్చుని పొగ తగ్గించుకోవాలని ఒప్పందం చేసుకున్నాక, విదేశీ కంపెనీలు పని ఇచ్చే ముందు పొగ లెక్క చూపించమని అడుగుతున్నాయట. ఆయన జనరేటర్ల గదిలో నా పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. ప్రతి జనరేటరుకూ అది ఎన్ని గంటలు నడిచిందో చూపే మీటరు ఉంటుంది, దాన్ని ఎలా రాసుకోవాలో, దాని నుంచి పొగ ఎలా లెక్కగట్టాలో నేర్పాడు. ఒక లీటరు డీజిలు కాలితే రెండున్నర కిలోలకు పైగా బొగ్గుపులుసు వాయువు పుడుతుందన్నాడు. లీటరు డీజిలు కిలో కూడా తూగదు కదా అని నవ్వాను. మండేటప్పుడు అది చుట్టూ ఉన్న గాలిని కలుపుకుంటుందండి అని ఆ నెలలో నాలుగుసార్లు విసుక్కోకుండా చెప్పాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నన్ను అండి అన్న మొదటి ఇంజనీరు ఆయన. ఆ ఒక్క మాటకు నేను పడిపోయాను, ఒప్పుకుంటున్నాను.

తర్వాత క్యాంపుకు తీసుకెళ్లాను. ఎల్లమ్మ గుడిసె ముందు కింద కూర్చుని జొన్నరొట్టె తిన్నాడు. మీ పొయ్యిలన్నిటికీ బదులు గ్యాసు వచ్చేలా రాస్తానమ్మా అన్నాడు. ఎంత కట్టె కాలుతుందని అడిగాడు. ఎల్లమ్మ నోరు తెరవబోతుంటే నేను ఆమెను పక్కకు పిలిచాను.

మనవాళ్లకు సర్వే అంటే తెలిసింది ఒక్కటే. కాగితం పట్టుకుని ఎవరొచ్చినా కష్టాన్ని పెంచి చెప్పాలి. ఎకరం ఎండితే మూడెకరాలు ఎండిందనాలి, పైవాళ్లు ఎలాగూ మూడో వంతుకు కోస్తారు. కరువు సర్వేలోనూ ఇంతే, రేషను కార్డుల సర్వేలోనూ ఇంతే. నేనూ అదే తెలివి వాడాను. రెండు మోపులంటే గ్యాసు రాదు, ఆరు చెప్పండి అన్నాను. నలభై ఇళ్లవాళ్లూ ఆరు చెప్పారు. సోమేశ్వరరావు తల ఎత్తకుండా రాసుకున్నాడు.

పొయ్యిలు పగలగొట్టిన మర్నాడు, మంగళవారం పొద్దున, గేటు ఎదుటి చాయ్ డబ్బా దగ్గర ఆయన దొరికాడు. నన్ను చూడగానే చేతిలో గ్లాసు కింద పెట్టేశాడు. మా జనరేటర్ల పొగ ఏమైందని అడిగాను. అది కంపెనీ లెక్కలోకి రాదన్నాడు. ఏప్రిల్‌లో జనరేటర్లనూ, ఆ గదినీ, మమ్మల్నీ రామచంద్రం పేరున లీజుకు మార్చారట. అప్పుడు మా ముగ్గురు ఆపరేటర్ల చేత ఒక కాగితం మీద సంతకం చేయించుకున్న మాట నిజమే. గుర్తింపు కార్డు మీద పేరు మారుతుందనుకున్నామే గాని దాని వెనక ఇంత పన్నాగం ఉందని మాకేం తెలుసు. క్యాంపు మాత్రం కంపెనీ భూమిలోనే ఉంది. అందుకని పొయ్యిలు హద్దు లోపల, జనరేటర్లు హద్దు బయట.

"జనరేటర్లు ఉన్నకాడ్నుంచి జరిగినయా సార్?"

"లేదండి."

"మరి పొగ జరిగిందా?"

ఆయన గేటు వైపు ఒకసారి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, తాను మొదట రాసిన రిపోర్టు వేరన్నాడు. ఖాళీ అంతస్తుల్లో దీపాలు ఆర్పమన్నాడట. ఏసీలు ఇరవై నాలుగు డిగ్రీల దగ్గర పెట్టమన్నాడట. పడమటి అద్దాలకు నీడ కట్టమన్నాడట. ఇవి చేస్తే మూడో జనరేటరు అవసరమే ఉండదని లెక్క కట్టి చూపించాడట. ఆ పేజీలు కంపెనీవాళ్లు తీయించేశారట.

"ఉన్న పేజీల కింద సంతకం ఎవరిది?" అన్నాను.

"నాదేనండి," అన్నాడు.

కొట్టాలనిపించింది. ఆయన తిన్న జొన్నరొట్టె గుర్తొచ్చి ఒళ్లు మండింది. కానీ ఆ పేజీలు లేకపోయినా ఆ విద్య నా దగ్గర ఉంది, ఆయనే నేర్పాడు. అక్కడి నుంచి వచ్చేశాను.

ఆ సాయంత్రం పని దిగాక క్యాంపులో మీటింగు పెట్టాం. నాకు తెలిసిందంతా చెప్పాను. ఆరు మోపులు చెప్పించింది నేనేనని అందరి ముందూ అన్నాను. ఒకామె నా ముఖాన ఉమ్మినంత పనిచేసింది. పోరాడదామనే మాట మీద ఎవరికీ తేడా లేదు. ఎలా అన్న దగ్గరే పేచీ వచ్చింది. చంద్రమ్మ పెద్దామె, ముగ్గురు మేస్త్రీల దగ్గర సమ్మె చేసి గెలిచిన అనుభవం ఉంది. మన అబద్ధం సంగతి ఎత్తొద్దని ఆమె గట్టిగా వాదించింది. ఒక్కసారి తప్పయిందంటే ఇక మన ఏ మాటా నమ్మరని, దొంగలని పోలీసుల చేతికి ఇస్తారని అంది. సగం మంది ఆమెవైపే తలలూపారు.

ఎల్లమ్మ పగిలిన పొయ్యి రాయి ఒకటి ఒళ్లో పెట్టుకుని వింటోంది.

"వాళ్ల లెక్క దొంగదని మనమంటే, మీదో అంటరు. ఏం చెప్తవక్కా? ముందుగాల మనది మనం ఒప్పుకుందాం. కట్టె తూకమేద్దాం. గప్పుడు వాళ్లది తూకమెయ్యమందాం."

చంద్రమ్మ వెంటనే ఒప్పుకోలేదు. కాంటా ఎవరు తెస్తారని మాత్రం అడిగింది. ఆమె అడిగిందంటే ఒప్పుకున్నట్టేనని క్యాంపులో అందరికీ తెలుసు.

హఫీజ్‌పేట్ స్టేషన్ దగ్గర పాత ఇనుప సామాను దుకాణం నుంచి కాంటా తెచ్చాం. బుధ, గురువారాలు రెండు రోజులూ ప్రతి ఇంటి కట్టె తూచాం. తూచేవాళ్లు ఒకరు, చూసేవాళ్లు ఇద్దరు, ఎవరి ఇంటి కట్టె వాళ్లు తూచకూడదని చంద్రమ్మే నియమం పెట్టింది. ఉన్నదాంట్లో సగానికి పైగా ఆ బిల్డింగు కట్టినప్పుడు పారేసిన సెంట్రింగు చెక్కలే. నలభై పొయ్యిలకూ కలిపి రోజుకు నూట డెబ్బై కిలోలు తేలింది. జనరేటర్ల మీటర్లు నేను రాసుకొచ్చాను. మూడూ కలిసి రోజుకు పన్నెండు వందల లీటర్లు, అంటే ఆరు డ్రమ్ములు తాగుతున్నాయి. పొగగా మారిస్తే మా నలభై పొయ్యిలు పది రోజులు మండినా, ఆ మూడింటి ఒక్క రోజుతో సరి. ఆ సంగతి చెప్పినప్పుడు క్యాంపులో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మూడేళ్లుగా ఆ మసిని మింగినవాళ్లు వాళ్లు.

మిగిలింది ఆపరేటర్ల సంగతి, శుక్రవారం కరెంటు పోతే జనరేటర్లు వేయకూడదన్నాను. నాతో పనిచేసే ఇద్దరిలో యాదయ్య సరేనన్నాడు. కుమార్ మాత్రం ఒప్పుకోలేదు. కట్టె తూకం కూలీల పని, స్విచ్చు ముట్టకపోవడమంటే మన ఉద్యోగం పోవడమే అన్నాడు. అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. గురువారం సాయంత్రం వాళ్ల ఇంటికి పోయాను. ఏమీ బతిమాలలేదు, ఏప్రిల్‌లో సంతకం పెట్టిన కాగితం గురించి మాట్లాడుకున్నాం. మనల్ని కూడా హద్దు బయటికి తోసేశారు కదన్నా అని అతనే అన్నాడు.

శుక్రవారం పది గంటలకల్లా క్యాంపు మొత్తం గేటు ముందుకు వచ్చేసింది. ప్రతి ఆడమనిషీ మూడు ఇటుకలు తెచ్చి రోడ్డు పక్కన పొయ్యి పెట్టుకుంది. పక్కన నలభై పొయ్యిలకూ కలిపి ఒక రోజు కట్టె కుప్ప. దానికి ఎదురుగా ఆరు ఖాళీ డీజిలు డ్రమ్ములు దొర్లించుకొచ్చి నిలబెట్టాం. చదువు రానివాళ్లకు కూడా తేడా తెలిసేలా ఉంది. పక్క బిల్డింగుల హౌస్‌కీపింగువాళ్లు, డ్రైవర్లు ఆగి చూస్తున్నారు. అతిథుల కార్లు మరో గేటు నుంచి లోపలికి పోయాయి. రామచంద్రం వచ్చి తిట్టాడు, పోయాడు.

పదకొండింటికి రోజూలాగే కరెంటు పోయింది. రోజూ అయితే పది సెకన్లలో మా జనరేటర్లు ఉరుముతాయి. ఆ రోజు ఉరమలేదు. నేను, యాదయ్య, కుమార్ గదికి తాళం వేసి, ఆ తాళంచెవి సెక్యూరిటీ టేబుల్ మీద పెట్టి, వచ్చి డ్రమ్ముల పక్కన కూర్చున్నాం. కావాలంటే మీరే నడుపుకోండి, మేం నడపం అని చెప్పాం. ఆ చోట అంత నిశ్శబ్దం నేను ఎన్నడూ వినలేదు. చంద్రమ్మ మనవరాలి దగ్గు రోడ్డు అవతలికి వినిపించింది. ఇరవై నిమిషాలకు పడమటి ఎండ రాకుండానే ఆ అద్దాలు లోపలివాళ్లను ఉడకబెట్టాయి. టైలు వదులు చేసుకుంటూ ఒక్కొక్కరే మెట్లు దిగి బయటికి వచ్చారు. వాళ్ల వెనక అతిథులు, అతిథుల వెనక సోమేశ్వరరావు.

ఎల్లమ్మ లేచి నిలబడింది. ఆమె మైకు ముందు మాట్లాడి ఎరగదు.

"మేం ఆరు మోపులని చెప్పినం. అది అబద్ధం. గ్యాసొస్తదని చెప్పినం. రెండే కాలుస్తం, తూకమేసి పెట్టినం, చూసుకోండ్రి. ఇగ మీ అబద్ధం మీరు చెప్పుండ్రి."

అతిథుల్లో ఒకాయన అదేమిటని అడిగాడు. కంపెనీ మేనేజరు చెప్పబోయాడు. సోమేశ్వరరావు ముందుకొచ్చి ఇంగ్లీషులో తానే చెప్పడం మొదలుపెట్టాడు. డ్రమ్ముల వైపు చెయ్యి చూపించాడు, జనరేటర్ల గది వైపు చూపించాడు. పూర్తిగా చెప్పనివ్వలేదు, ఆయన చెయ్యి పట్టి లోపలికి తీసుకుపోయారు. అంతటితో నేను ఆయన్ను క్షమించానని అనుకోకండి. సంతకం పెట్టకముందు చెప్పాల్సిన మాట అది.

పన్నెండింటికి పోలీసులు వచ్చారు. పొయ్యిలు మళ్లీ కాళ్లతో తన్నారు. ఇటుకలు దూరంగా పడితే ఆడవాళ్లు పోయి ఏరుకొచ్చి మళ్లీ పెట్టారు. మళ్లీ తన్నారు, మళ్లీ పెట్టారు. చివరికి వ్యాన్లు తెప్పించి మాలో దొరికినవాళ్లను ఎక్కించారు. ఎక్కిస్తుండగా ఎస్సై కానిస్టేబుల్‌తో ఒక ఇరవై మంది గొడవ చేశారని రాయమన్నాడు.

ఎల్లమ్మ వ్యాను మెట్టు మీద ఆగిపోయింది. "యాభై మూడు మందిమి సారు. ఎంచుకోని రాయి," అంది. వెనకనుంచి తోస్తున్నా ఎక్కలేదు. ఆయన ఎంచేదాకా ఎక్కలేదు.

ఆ శుక్రవారం క్యాంపు ఖాళీ కాలేదు. అరెస్టు కాని ఆడవాళ్లు సాయంత్రం గేటు ముందే అన్నం వండుకున్నారు. కంపెనీకి పని ఇస్తామనే పత్రం ఇవ్వకుండానే అతిథులు కార్లెక్కారు. మా ముగ్గురి ఉద్యోగాలూ పోయాయి, సోమవారం నాటికి రామచంద్రం కొత్త ఆపరేటర్ల కోసం తిరుగుతున్నాడు. క్యాంపు ఎన్నాళ్లు నిలుస్తుందో అప్పటికి మాకు తెలియదు.

ఆ మధ్యాహ్నం మమ్మల్ని తీసుకుపోతున్న వ్యాను కొత్తగూడ వైపు తిరిగే మలుపులో నెమ్మదించినప్పుడు, మసి పట్టిన చొక్కా మనిషి ఒకడు పక్కనే పరుగెత్తుకొచ్చాడు. ఎవరో మాకు తెలియదు, చేతులు చూస్తే జనరేటరు పని చేసేవాడని తెలుస్తోంది. జాలీ కిటికీలోంచి ఒక సిగరెట్ పెట్టె అట్ట లోపలికి తోసి, వ్యాను వేగం పెరగగానే ఆగిపోయాడు. అట్ట వెనక పెన్సిలుతో ఏదో రాసి ఉంది. ఎల్లమ్మ చదవమంది. రోడ్డు అవతలి పెద్ద బిల్డింగు, నాలుగు జనరేటర్లు, రోజుకు పద్దెనిమిది వందల లీటర్లు అని చదివాను.

వ్యానులో అందరూ ఒక్కసారి మాట్లాడటం మొదలుపెట్టారు. ఎల్లమ్మ వాళ్లను ఆపి, అట్ట నా చేతిలోంచి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మీటరు చూసి రాసిండా, అందాజగ రాసిండా, రేపు పోయి అడుగుదాం పోచన్నా," అంది.