తెలగపిండి నీళ్ళు

"మట్టిని ఉడకబెట్టే కోడల్ని బందరు మొత్తానికి నేనొక్కదాన్నే తెచ్చుకున్నాను" అంటూ కృపావరమ్మ పొయ్యి ముందు కూలబడింది. నిజమే మరి. కోడలు హన్నా కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటరు. కాలవగట్టు బురద తెచ్చి, పాత గిన్నెలో ఉడికించి, బెల్లం నీళ్ళలో కలిపి, సీసాకి రబ్బరు గొట్టం తగిలించింది. ఆ ఉడుకుకి చావని సూక్ష్మజీవులు బెల్లం తిని హైడ్రోజన్ వదులుతాయి. ఆ గాలికి అగ్గిపుల్ల చూపిస్తే టప్పుమంటుంది. మొదట్లో బుడగలు బాగానే వచ్చాయి, తర్వాత నిలిచిపోయాయి.

"అసలే ప్రొహిబిషన్ రోజులు. ఆదివారం ప్రార్థన కూటం మనింట్లో. ఆ పులిసిన కంపుకి మనం సారా కాస్తున్నామనుకోరూ? శనివారం లోపల అది టప్పుమంటే సరి, లేకపోతే కాలవలో పారబోస్తా" అని అత్తగారు తేల్చేసింది.

హన్నా ఇంకా బెల్లం వేసింది. ఊహూ, మరింత పులిసిందంతే. సాయంత్రాలు కాలేజీ ల్యాబులో చేసుకోమని హెడ్డుగారు ఎప్పుడో అన్నారు. కానీ సాయంత్రమంటే కాఫీ, లాంతరు చిమ్నీలు తుడవడం, వంట, పురిటికొచ్చిన ఆడపడుచు లీలావతికి వేన్నీళ్ళు. అదే కాలేజీలో లెక్చరరైన భర్త దయానందం ఒక్కనాడూ కసురుకున్న పాపాన పోలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. "నీ చేతి పులుసు ముందు ఏ ల్యాబు పనికొస్తుంది బంగారం!" అనేవాడు. "నువ్వు తిరుగుతుంటేనే ఇంటికి కళ" అనేవాడు. అని, ఎంగిలి కంచం అక్కడే వదిలి లేచేవాడు. ఆ మాటలకి హన్నాకి ఒళ్ళు పులకరించేది, మరుక్షణం ఎందుకో నీరసం వచ్చేది. ఇంత ముద్దు చేసే మొగుడి మీద కోపమేమిటని తన్ను తానే తిట్టుకునేది.

గురువారం లీలావతికి పాలు పడాలని మునగాకు వేసి, గానుగలో నూనె తీయగా మిగిలిన నువ్వుల తెలగపిండి వండుతోంది. గరిటె ఆగిపోయింది. ఓసి నా మతి మండా! బాలింతకి ఉత్తి బెల్లం పెట్టి పాలిమ్మంటామా? ఈ జీవులకీ అంతే. తీపి ఓపికనిస్తుంది గానీ, ఒళ్ళు పెరగాలంటే నత్రజని కావాలి. అది బెల్లంలో ఎక్కడ ఏడ్చింది? ఉంటే ఈ తెలగపిండిలోనే ఉంది. పాత బురదని రెండు సీసాల్లోకి పంచి, తాజా బెల్లం నీళ్ళు పోసింది. ఒకదాంట్లో తెలగపిండి నానేసిన నీళ్ళు చెంచాడు కలిపింది. రెండోదాంట్లో ఆత్రం కొద్దీ గుప్పెడు పిండే గుమ్మరించింది. గుప్పెడు వేసింది ముక్కు బద్దలయ్యే కంపు కొట్టింది, బుడగలు నామమాత్రం. చెంచాడు పోసింది బుసబుసా పొంగింది.

శనివారం పొద్దున అగ్గిపుల్ల గీసి చూపగానే, టప్! కృపావరమ్మ ఎగిరిపడి, గుండె మీద చెయ్యేసుకుని, పకపకా నవ్వేసింది.

"నీ దుంపతెగ! ఏదీ, ఇంకోటి. ఈసారి నే గీస్తా."

లీలావతి బిడ్డనెత్తుకుని పరిగెత్తుకొచ్చింది. ముగ్గురూ అగ్గిపెట్టె కోసం చిన్నపిల్లల్లా పెనుగులాడారు. ఆ సందడికి దయానందం తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చాడు.

"చూశావా అమ్మా, నా బంగారం ఎంత తెలివైందో! సరేగానీ హన్నా, రాత్రికి ఆ పులుసు పెడతావుగా?"

హన్నా అతనివైపు చూసింది. కోపం రాలేదు. ఇన్నాళ్ళ నీరసం ఎందుకో తెలిసిపోయి, ప్రాణం హాయిగా ఉంది.

"ఉత్తి బెల్లం ఇక చాలండీ" అంది నవ్వుతూ. "సోమవారం నుంచి సాయంత్రాలు నేను ల్యాబులో ఉంటాను. పులుసు మీరు పెట్టండి."