అక్క ముంజేతి తిప్పుడు

రండి, దగ్గరికి జరగండి. వెనక గోడకి ఆనుకున్నవాళ్ళు కూడా. అంత దూరాన కూచుంటే కథ మీ దాకా వచ్చేసరికి చల్లారిపోతుంది. కూచున్నారా? ఇప్పుడు కుడి మోచెయ్యి డొక్కకి ఆనించి, ఎవరో ఏదో ఇస్తారన్నట్టు అరచెయ్యి పైకి పెట్టండి. ఎడమచేత్తో ఆ ముంజెయ్యి పట్టుకుని, అరచెయ్యి మెల్లిగా నేలవైపు తిప్పండి. లోపల ఏదో దొర్లింది కదా? భుజం కదల్లేదు, మోచెయ్యి కదల్లేదు. దొర్లింది బొటనవేలి వైపు ఎముక. చిటికెనవేలి వైపుది కాపలావాడిలా ఉన్నచోటే ఉంటే, ఇది దానిమీదుగా అడ్డం తిరిగి పడుకుంటుంది. అరచెయ్యి పైకి ఉన్నప్పుడు రెండూ పక్కపక్కన, కిందికి తిప్పితే కత్తెర. ఈ కథంతా ఆ ఒక్క దొర్లడం గురించే. ఇంక చేతులు దింపండి. ఒరేయ్, పక్కవాడి చెయ్యి తిప్పమనలేదు నేను.

ఒక తాళాలాయన ఉండేవాడు. దర్జీ కొట్టుకీ మేడమెట్లకీ మధ్య, ఒక్క మంచం వేస్తే నిండిపోయేంత దుకాణం ఆయనది. పొద్దున్నే వచ్చి, నిన్నటి ఇనపపొడి ఊడ్చి, నూనెడబ్బా ముక్కు తుడిచి, బల్ల ముందు కూచునేవాడు. తుప్పు పట్టిన తాళాలు, చెవి పోగొట్టుకున్న పెట్టెలు, అత్తాకోడళ్ళ తగువులో విరిగిన గడియలు, అన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. పనిలో వంక పెట్టడానికి లేదు. ఒక్కటే చిత్రం. ఏ తాళం ఇచ్చినా ఆయన కుడి అరచెయ్యి ముందు మెల్లిగా పైకి తిరిగి, గిన్నెలా గుంటపడి, తాళాన్ని అందులో పడుకోబెట్టుకునేది. ఆ తరవాత ముంజెయ్యి అటూ ఇటూ రెండుసార్లు ఊగేది.

"ఏం బాబాయ్, తాళానికి లాల పోస్తున్నావా?" అనేవాడు పక్కకొట్టు దర్జీ. "కాస్త జోకొట్టు కూడా. దానంతటదే నోరు తెరుస్తుంది."

వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. తాళాలాయన చెవులు ఎర్రబడేవి. ఆ ఊపు తనది కాదు. అక్కది.

ఆ ఊళ్ళో ఒక కడుపున పుట్టినవాళ్ళు కీళ్ళ కదలికలు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకునేవాళ్ళు, పొరుగింటి నిచ్చెన తెచ్చుకున్నట్టే. అద్దె ఇల్లు చూడ్డానికి నాలుగు అంతస్తులు ఎక్కాల్సిన అన్న, తమ్ముడి మోకాళ్ళ వంపు తీసుకెళ్ళేవాడు. మెడ పట్టేసిన చెల్లెలు అక్క మెడ తీసుకుని, ఎదురింటి గొడవ తీరిగ్గా చూసి, సాయంత్రానికి ఇచ్చేసేది. ఇద్దరూ మోచేతి మొనలు ఆనించుకోవాలి. ఇచ్చేవాళ్ళు తీసుకునేవాళ్ళ ముంజెయ్యి మణికట్టు దాకా ఒకసారి నిమిరి "తీసుకో" అంటే చాలు. మెడకీ మోకాలికీ కూడా మోచేతుల దగ్గరే ఇవ్వడం. ఎందుకని ఎవరూ అడగలేదు. ఒకటే కట్టుబాటు. ఇచ్చినవాళ్ళు నోరు తెరిచి వెనక్కి అడక్కూడదు. అడిగితే తోబుట్టువుని అనుమానించినట్టు. తీసుకున్నవాళ్ళే గుర్తుపెట్టుకుని వెళ్ళి ఇవ్వాలి.

మూడేళ్ళ కిందట తాళాలాయన ఒక ఇంట్లో ఎత్తు కిటికీకి గడియ బిగిస్తూ స్టూలు మీంచి పడ్డాడు. కుడి ముంజేతిలో రెండెముకలూ విరిగాయి. కట్టు విప్పాక ఎముకల డాక్టరు ఫోటో వెలుతురుకి ఎత్తి చూసి, "అతుక్కున్నాయి. అతుక్కోవాల్సిన దానికంటే ఎక్కువే అతుక్కున్నాయి" అన్నాడు. రెండెముకల మధ్యా కొత్త ఎముక వంతెనలా పెరిగిపోయింది. మోచెయ్యి తలుపు బందులా బాగానే ముడుచుకునేది. మణికట్టు లేచేది, వాలేది, పక్కలకి ఒరిగేది. వేళ్ళు మూసుకునేవి, బొటనవేలు చిటికెనవేలి దాకా వెళ్ళి పలకరించి వచ్చేది. తిరగడం ఒక్కటే లేదు. అరచెయ్యి ఎప్పుడూ నేలనే చూసేది. తాళంచెవి దూర్చగలడు, తిప్పలేడు. రెండు నెలలు దుకాణం మూసి ఇంట్లో కూచున్నాడు.

అక్క పురుళ్ళ ఆస్పత్రిలో ఆయా. అప్పుడే పుట్టిన పిల్లలకి స్నానాలు పోయడం ఆవిడ పని. తల కుడి అరచేతిలో పెట్టుకుని, వీపు ముంజేతి మీద ఆనించుకుని, ఎడమచేత్తో పోసేది. ఏడ్చే బిడ్డయినా ఆ చేతిలో పడగానే కళ్ళు తెరిచి దీపంకేసి చూసేదట. తమ్ముడి సంగతి విని పని దిగగానే వచ్చింది.

"ఎన్నాళ్ళు కావాల్రా?"

"వారం చాలక్కా. కొత్త హాస్టల్లో గదులన్నిటికీ తాళాలు పెట్టాలి. ఒప్పుకున్నాను."

"వారమేగా. ఈ వారం తువ్వాళ్ళు మడతపెడతానులే." అక్క మోచెయ్యి ఆనించింది.

హాస్టల్ పని వారంలోనే అయిపోయింది. ఆ వెంటనే ఒక బడి, దాని వెనక ఒక గిడ్డంగి. శుక్రవారం వెళ్ళి ఇచ్చేద్దామనుకున్నాడు. వచ్చే శుక్రవారం అనుకున్నాడు. ఎప్పుడు బయల్దేరినా, అరచెయ్యి నేలకి తిప్పుకుని ఖాళీగా కూచున్న ఆ రెండు నెలలు గుర్తొచ్చి చెప్పులు విప్పేసేవాడు. చివరికి అక్కే ఒకరోజు ఊరికే చూడ్డానికి వచ్చింది. ఏమీ అడగలేదు. ఆయనే తొందరపడి నోరు జారాడు.

"అక్కా, నీ తిప్పుడు నాలో ఇంకిపోయినట్టుంది. ఈ పాడు ఎముకలో నిలవలేదు. చూడు, నాకూ తిరగట్లేదు."

అలా ఇంకిపోవడం ఎప్పుడో ఒకరికి జరిగేదే. అక్క ఆయన ముంజెయ్యి రెండువైపులా తడిమి చూసింది. "పోనీలేరా. నీకన్నా పనికొస్తే బాగుండేది" అంది.

అప్పట్నించీ నాటకం మొదలైంది. ఆదివారాలు అక్క వచ్చేది. కిటికీలోంచి చూసి ఆయన భార్య వంటింట్లోంచే చెప్పేది, "మీ అక్కయ్య వస్తున్నారు. చెయ్యి బిగించుకోండి."

మొదట్లో ఆవిడ భయపడుతూ అనేది. తరవాత వెక్కిరింపుగా అంది. ఇప్పుడు కూర ఉడికిందని చెప్పినట్టు అంటుంది. అదే ఆయనకి ఎక్కువ గుచ్చుకునేది. అక్క కూచున్నంతసేపూ ఆయన అరచెయ్యి బోర్లించి మోకాలిమీద పెట్టుకునేవాడు. చొక్కా చేతి గుండీ ఊడి ఉంటే అక్కే పెట్టేది. తన చెయ్యి తిరగదు కాబట్టి భుజమంతా ఎత్తి, మోచెయ్యి గాల్లోకి లేపి, ఒక పక్కకి ఒరిగి, అంత అవస్థపడి పెట్టేది. "నువ్వెలాగూ పెట్టుకోలేవుగా" అనేది. ఆయన గోడమీది క్యాలెండరు చూస్తూ ఉండిపోయేవాడు. బస్సులో కండక్టరిచ్చే చిల్లర అక్క చేతి వెనకవైపు మీద పడి దొర్లిపోయేదని ఎవరో చెప్పారు. అది విన్న రోజు ఆయన అన్నం సగంలో లేచాడు. లేచి వెళ్ళి చెయ్యి కడుక్కుని, మళ్ళీ దుకాణానికే వెళ్ళాడు.

ఒక మధ్యాహ్నం పురుళ్ళ ఆస్పత్రి నుంచి కబురొచ్చింది. స్నానాల గది తలుపు బిగుసుకుపోయింది, లోపల ఒక ఆయా, గంట కిందట పుట్టిన బిడ్డ. స్నానాలు పోసే కొత్త ఆయా వేణ్ణీళ్ళకని బయటికి వస్తూ తలుపు లాగిందట, లోపల తాళం నాలుక పడిపోయిందట. అక్క పని తువ్వాళ్ళ గదిలో కదా, ఎదురుపడదు అనుకుని ఆయన సంచీ తీసుకుని వెళ్ళాడు.

తలుపు ముందు పెద్ద నర్సమ్మ, కొత్త ఆయా, బిడ్డ తండ్రి నిలబడి ఉన్నారు. తండ్రి చేతిలో చిన్న టోపీ ఒకటి, దాన్ని పిండుతూ ఉన్నాడు.

"తొందరగా చూడవయ్యా. బిడ్డకి పాలు పట్టే టైమైంది" అంది పెద్ద నర్సమ్మ. "లోపలికి తువ్వాళ్ళు తెచ్చిన ఆవిడ కూడా ఇరుక్కుంది. ఆవిడకి చెయ్యి సరిగా లేదు, బిడ్డని ఎలా పట్టుకుందో ఏమో."

తాళాలాయన తలుపుకున్న గాజుపలక లోంచి చూశాడు. అక్క. బిడ్డని ఎడమచేతి మడతలో ఇరికించుకుని, రెండో చెయ్యి బోర్లా ఉండిపోవడంతో ఏం చెయ్యాలో తెలీక, మడతపెట్టిన తువ్వాలు తల కింద దోపి గడ్డంతో అదిమి పట్టుకుంది. బిడ్డ మొహం కందిపోయేలా ఏడుస్తోంది. అక్క తలెత్తింది. తమ్ముడిని చూసింది.

ఆ తాళం రకం ఆయనకి తెలుసు. ఎడమచేత్తో సన్నరేకు దూర్చి లోపలి మీట నొక్కిపట్టాలి, కుడిచేత్తో కొక్కెం గట్టిగా తిప్పాలి. అక్క గాజులోంచి ఆ చేతినే చూస్తోంది. ఆయన కొక్కెం ఎడమచేతికి మార్చాడు. రేకు కుడిచేత్తో బోర్లా పట్టుకుని నొక్కబోతే జారి నేలమీద పడింది. మళ్ళీ తీశాడు, మళ్ళీ జారింది.

"నీకు పని వచ్చా రాదా?" అన్నాడు తండ్రి.

"ఊరంతా ఈయన పేరే చెబుతారే" అంది కొత్త ఆయా మెల్లిగా.

రాదు అని చెప్పి వెళ్ళిపోవచ్చు. పగలగొట్టించుకోండి అనొచ్చు. ఆ మాట నాలుక దాకా వచ్చింది కూడా. లోపల బిడ్డ ఏడుపు ఒక్కసారి గొంతులో ఆగి, మళ్ళీ అందుకుంది. తాళాలాయన కొక్కెం కుడిచేతికి తీసుకున్నాడు. గాజువైపు చూడకుండా తిప్పాడు. అరచెయ్యి నిండుగా, నూనె పెట్టినట్టు పైకి తిరిగింది. తలుపు తెరుచుకుంది.

అక్క బయటికొచ్చి బిడ్డని నర్సమ్మకి అందించింది. నర్సమ్మ, తండ్రి, కొత్త ఆయా ముగ్గురూ బిడ్డ తల్లి ఉన్న గదివైపు పరిగెత్తారు. వరండాలో ఇద్దరే మిగిలారు.

"చెయ్యి తగ్గిందిరా?" అంది అక్క. "మంచిది. ఇన్నాళ్ళకి."

అవునక్కా, నిన్నే తగ్గింది అంటే సరిపోయేది. అక్క ఆ దారి ఆయన కోసమే తీసిపెట్టిందని అర్థమైంది. ఆయన సంచీ నేలమీద పెట్టాడు.

"తగ్గలేదక్కా. ఎప్పుడూ ఇంకిపోలేదు. మూడేళ్ళూ నా దగ్గరే ఉంది."

అక్క పమిట కొంగుతో గడ్డం తుడుచుకుంది.

"తెలుసురా. మొదటి నెలలోనే తెలుసు. నీ దుకాణానికి రోడ్డు అవతల నుంచి చూశాను. తాళం చేతిలో పెట్టుకుని ఊపుతున్నావు. నా ఊపు నాకు తెలీదా?"

"మరి ఒక్కమాట..."

"ఎలా అడుగుతాను? నా తమ్ముణ్ణి నేనే దొంగని చేసినట్టు కాదూ? అప్పట్నించీ ఆ వీధిన రావడం మానేశాను. నేను చూశానని నువ్వు చూస్తావేమోనని సిగ్గేసింది. బజారుకి చుట్టుదారిన వెళ్తున్నా."

మూడేళ్ళుగా తన సిగ్గు తానే మోస్తున్నాననుకున్నాడు ఆయన. అందులో బరువైన కొస అక్క చేతిలో ఉందని, ఆవిడ దాన్ని కూరగాయల సంచీతో పాటు చుట్టుదారిన మోసుకెళ్తోందని అప్పుడే తెలిసింది. మోచెయ్యి ముందుకు చాపాడు.

"నీ పని?" అంది అక్క. "ఇల్లెలా గడుస్తుంది?"

"ఆకురాయి తొయ్యడానికి చెయ్యి బోర్లానే ఉండాలక్కా. చెవులు అరగదీస్తాను. తీసుకో."

అక్క ఇంకా నిలబడే ఉంది. ఆయన ఆవిడ మోచేతికి తన మోచెయ్యి ఆనించి, ఆవిడ ముంజెయ్యి మణికట్టు దాకా నిమిరాడు. తన చేతిలో ఏదో మెల్లిగా ఒరిగి, అడ్డంగా పడుకుని, అక్కడే ఉండిపోయింది. అరచెయ్యి నేలకి తిరిగింది. ఎంత ప్రయత్నించినా మళ్ళీ పైకి రాలేదు.

అక్క తన చేతివైపు చూసుకోలేదు. వరండా చివర కొళాయి ఉంది, అక్కడికి నడిచింది. ఆయన వెనకే వెళ్ళి ఎడమచేత్తో కొళాయి తిప్పాడు. అక్క రెండు చేతులూ పక్కపక్కన చేర్చి పట్టింది. దోసిలి నిండింది, ఒక్క చుక్క కారలేదు. ఆవిడ వంగి తాగింది, మళ్ళీ పట్టి తాగింది, మూడోసారి మొహాన కొట్టుకుని, తడి మొహం అలాగే పెట్టుకుని నిలబడింది. అంతసేపూ ఆయన తల ఎత్తలేదు.

"కొళాయి కట్టెయ్. నీళ్ళు పోతున్నాయి" అంది అక్క. తరవాత, లోపలికి వెళ్ళబోతూ, "ఆదివారం ఇంట్లోనే ఉంటావుగా? గుండీలు నేను పెడతాలే" అంది.

తమ్ముడు తల ఊపాడు. పాలు తాగిన బిడ్డని స్నానానికి తెస్తున్న చప్పుడు వినిపించింది. అక్క చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, కుడి అరచెయ్యి పైకి చాపుకుంటూ ఆ గదిలోకి వెళ్ళింది.

అంతేరా. లేవండి, మోకాళ్ళకంటిన దుమ్ము దులుపుకోండి. అదిగో ఇళ్ళల్లో అన్నాలకి పిలుస్తున్నారు, నా మీద నేరం పెట్టకుండా త్వరగా వెళ్ళండి. వేడివేడిగా ఉండగానే తినండి.