ఎనిమిది పాయింట్ల తేడా

కాండరే రేవులో ఆదివారం పన్నెండున్నరకి బాస్కెట్‌బాల్ ఆట ఉందంటే ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగదు. ఆట అయ్యాక హాలు వెనక అరుగుల మీద చేరి చేప కూరిన రొట్టె తినడం, చేదు వైన్ తాగడం, రిఫరీని తనివితీరా తిట్టుకుని ఇళ్లకు పోవడం నలభై ఏళ్లుగా ఉన్న అలవాటు. ఓడిన రోజు కూడా తింటారు. కాకపోతే ఉప్పెక్కువైందంటారు.

ఆ ఆదివారం మాత్రం రొట్టె సంగతి ఎవరికీ గుర్తు లేదు. సబేలాకి అదే ఆఖరి ఆట.

ముప్ఫై ఎనిమిదేళ్ల సబేలా ఔతెరాల్, పదహారో ఏట సంచీ భుజాన వేసుకుని ఈ ఊరి నుంచే బస్సెక్కింది. పదకొండు జట్లకు ఆడింది. సలమాంకాలో ఆరేళ్లు, హంగరీలో రెండేళ్లు, పోలండ్‌లో ఒక చలికాలం. కుడి మోకాలికి రెండు ఆపరేషన్లు. నాలుగు ఫైనల్స్ ఆడి నాలుగూ ఓడింది. ఒక్క కప్పూ చేతికి రాలేదు. ఆ నాలుగు వెండి పతకాలనీ వాళ్లమ్మ ఎర్మితాస్ వలలు కుట్టే సూదుల డబ్బాలో పడేసింది. ఊళ్లోవాళ్లు సబేలాని ముద్దుగా, కాస్త ఎగతాళిగా 'వెండి సబేలా' అంటారు. ఆమె నవ్వేస్తుంది. నవ్వడం అలవాటైంది గానీ కడుపులో మంట చల్లారలేదు.

మూడేళ్ల కిందట సొంత ఊరి జట్టుకి తిరిగొచ్చింది. రెండో డివిజన్‌లో ఆడే ఈ జట్టు మొదటి డివిజన్ మొహం ఎన్నడూ చూడలేదు. ఈసారి ఆ గుమ్మం దాకా వచ్చింది. లోపలికి పోయేది ఒక్కరే. కాండరేనో, లెయోన్ నుంచి వచ్చిన ఈ జట్టో ఇవాళ తేలిపోవాలి. లెయోన్‌కి ఒక గెలుపు ఎక్కువ ఉంది. ఇవాళ కాండరే గెలిస్తే ఇద్దరూ సమానమవుతారు. అప్పుడు వీళ్లిద్దరూ ఆడుకున్న రెండు ఆటల పాయింట్లూ కలిపి చూస్తారు. శీతాకాలంలో లెయోన్ వెళ్లి కాండరే ఏడు పాయింట్లతో ఓడింది. అంటే ఇవాళ గెలిస్తే చాలదు, ఎనిమిది పాయింట్ల తేడాతో గెలవాలి. రేవులో పసిపిల్లని నిద్రలో లేపి అడిగినా ఎనిమిది అనే చెబుతుంది.

పద్దెనిమిది సెకన్లు మిగిలాయి. కాండరే యాభై ఎనిమిది, లెయోన్ యాభై ఆరు. బంతి కాండరేది. కోచ్ మోంచో టైమవుట్ అడిగాడు. సబేలాకి తొమ్మిదేళ్లప్పుడు బంతి పట్టుకోవడం నేర్పింది ఆయనే.

"ముందు ఒక మూడు పాయింట్లు వేద్దాం, గడియారం ఆగేలా వెంటనే ఫౌల్ చేద్దాం, ఆ తర్వాత..." అంటూ పలక మీద గీతలు గీస్తున్నాడు. అమ్మాయిలందరూ తలలు దించుకున్నారు.

"ఆపండి మాస్టారూ," అంది సబేలా. "పద్దెనిమిది సెకన్లలో ఆరు పాయింట్లు ఎక్కణ్ణించి తెస్తాం? మనకి ఐదు నిమిషాలు కావాలి."

"ఐదు నిమిషాలు నీకెవడిస్తాడే?"

"స్కోరు సమానమైతే రిఫరీయే ఇస్తాడు. ఐదు నిమిషాలు మళ్లీ ఆడిస్తాడు."

జట్టులో అందరికన్నా పొడుగైన ఉషీయా కళ్లు పెద్దవి చేసింది. "అంటే మన బాస్కెట్‌లో మనమే వేసుకుందామా అక్కా?"

"కావాలని వేసుకుంటే చెల్లదే తల్లీ. వాళ్ల చేత వేయించాలి."

"వాళ్లకేం పిచ్చా? రెండు పాయింట్లతో ఓడినా పైకి పోయేది వాళ్లే కదా! బంతి దొరికితే పట్టుకుని కదలకుండా నిలబడండని వాళ్ల కోచ్ చెబుతూనే ఉంటాడు."

"చెబుతాడు. ఆ పదకొండో నంబరు పిల్ల తలూపుతుంది కూడా. కానీ దారి ఖాళీగా కనిపించిందా, ఇక దానికి చెవులు పనిచెయ్యవు."

"నీకెలా తెలుసు?"

"తెలుసులే. బంతి పోగానే మీరెవ్వరూ ఆ పిల్ల వెంట పడకండి. పడ్డట్టు నటించండి, చాలు."

మోంచో పలక పక్కన పెట్టేశాడు. "తేడా వచ్చిందంటే ఈ ఊళ్లో నీకు మంచినీళ్లు కూడా పుట్టవే."

"పదకొండు ఊళ్ల నీళ్లు తాగాను మాస్టారూ. పన్నెండోది వెతుక్కుంటాను."

మాటైతే ధీమాగా అనేసింది గానీ, కోర్టులోకి నడుస్తుంటే 'వెండి సబేలా' అన్న పేరు చెవిలో మోగింది. ఈ ఆట కూడా చెడిపోతే ఆ పేరుతోనే ముసలిదై పోవాలి. ఇన్నేళ్ల కష్టమూ ఒక వెక్కిరింతగా మిగిలిపోతుంది.

పదకొండో నంబరు పిల్ల పేరు అరోవా. పందొమ్మిదేళ్లు, పాదరసంలా కదులుతుంది. సబేలా బంతిని నెమ్మదిగా నేలకు కొడుతూ ఆమె ఎదురుగా వచ్చింది. పన్నెండు సెకన్లు. పది. ఎడమ చేతికి మార్చబోయినట్టు చేసి, బంతిని ఒక జానెడు ఎత్తుగా లేవనిచ్చింది. ఇరవై రెండేళ్లలో అంత చెత్తగా బంతిని ఏనాడూ ఆడించలేదు.

అరోవా లటుక్కున అందుకుని పరుగు తీసింది. ముందు ఒక్క పురుగు కూడా లేదు. లెయోన్ కోచ్ గీత దాకా ఉరికొచ్చి "వద్దు! ఆగవే, ఆగు!" అని గొంతు చించుకున్నాడు. కాండరే జనం పెట్టిన గగ్గోలులో ఆ గొంతు ఎక్కడ వినబడుతుంది? అరోవా గాల్లోకి లేచి, బడిలో నేర్పినట్టు ముచ్చటగా, బంతిని బాస్కెట్‌లో వేసింది. యాభై ఎనిమిది, యాభై ఎనిమిది.

హాలంతా సబేలాని వెక్కిరిస్తూ ఈలలు వేసింది. "అమ్ముడుపోయింది!" అన్నాడొకడు. మొదటి వరసలోంచి ఎర్మితాస్ లేచి, "నోర్ముయ్యరా! నా కూతురు పొరపాటున కూడా బంతి వదలదు. వదిలిందంటే ఏదో పని ఉండే వదిలింది!" అని కసిరింది. ఆమెకి అసలు సంగతి తెలియదు. కూతురి మీద ఈగ వాలితే ఊరుకోదు, అంతే.

మూడు సెకన్లు మిగిలాయి. లెయోన్ పిల్లలు అరోవాని వాటేసుకుని గంతులేస్తున్నారు. "ఫౌల్ చెయ్యండే! వాళ్లకి ఒక్క పాయింటు వచ్చినా పైకి పోయేది మనమే!" అని వాళ్ల కోచ్ నెత్తి కొట్టుకుంటున్నాడు. సబేలా బంతి అందుకుని, పొట్టకు అదుముకుని నిలబడింది. హారన్ మోగింది. అప్పుడు ఒక మూల నుంచి ఎవరో వేళ్లు మడిచి లెక్కపెట్టి కెవ్వుమన్నారు. ఆ కేక వరస నుంచి వరసకి పాకింది. ఈలలు వేసిన నోళ్లే "సబేలా! సబేలా!" అని పైకప్పు ఎగిరిపోయేలా అరిచాయి.

ఇక ఆ ఐదు నిమిషాలూ చూసి తీరాలి. లెయోన్‌ వాళ్లకి కాళ్లూ చేతులూ ఆడలేదు. అరోవాని కోచ్ బెంచీ మీద కూర్చోబెట్టేశాడు. ఉషీయా ఎగిరిన ప్రతిసారీ బంతి ఆమె చేతికే వచ్చింది. సబేలా దూరం నుంచి మూడు పాయింట్లు రెండుసార్లు వేసింది. తొమ్మిది సెకన్లుండగా తేడా ఏడుకి చేరి ఆగింది. ఏడంటే ఏమీ కాదు. ఇద్దరు అడ్డంగా నిలబడ్డారు. పాస్ ఇమ్మని ఉషీయా అరుస్తోంది. సబేలా ఇవ్వలేదు. ఇన్నేళ్లూ అందరికీ అందించింది, ఈ ఒక్కటీ తనే వేస్తుంది. నొప్పి మోకాలి మీదే బరువు వేసి ఇద్దరి మధ్యలోంచి దూరి లేచింది. బంతి బాస్కెట్ వెనక చెక్కను తాకి లోపల పడింది. డెబ్బై ఒకటి, అరవై రెండు. తొమ్మిది!

జనం కోర్టులోకి విరుచుకుపడ్డారు. మోంచో చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సబేలాని భుజాల మీదికెత్తి మూడు చుట్లు తిప్పారు. పై నుంచి చూస్తే అందరి నడినెత్తులూ కనిపించాయి. ఒళ్లంతా సంతోషంతో తేలిపోయింది. కప్పు చేతికిచ్చారు. అది తను అనుకున్నంత బరువు లేదు. ఎర్మితాస్ దాన్ని లాక్కుని, "ఇది సూదుల డబ్బాలో పట్టదే," అని చేతిరుమాలుతో ముక్కు తుడుచుకుంది.

కాసేపటికి సబేలా వాళ్లని వదిలించుకుని, అవతలి బెంచీ దగ్గరికి కుంటుకుంటూ వెళ్లింది. అరోవా మొహం మీద తువ్వాలు కప్పుకుని కూర్చుంది. సబేలా పక్కనే కూలబడి మోకాలు నిమురుకుంది.

"ఎందుకొచ్చారు? నవ్వడానికా?" అంది అరోవా తువ్వాలులోంచే.

"నవ్వడానికైతే అక్కడే బోలెడంత మంది ఉన్నారు. పందొమ్మిదేళ్లప్పుడు, నా మొదటి ఫైనల్లో, నేనూ ఇదే చేశాను. అదీ రెండు ఆటల పాయింట్లు కలిపి చూసేదే, ఆ రెండో ఆటలో రెండు పాయింట్లతో ఓడినా కప్పు మాదే. బంతి దొరికింది, దారి ఖాళీ. కోచ్ అరుపు వినబడలేదు. బాస్కెట్‌లో వేసి చేతులు పైకెత్తాను కూడా. తర్వాత ఐదు నిమిషాల్లో పన్నెండు పాయింట్లతో పోయాం."

అరోవా తువ్వాలు తీసింది. కళ్లు ఎర్రగా వాచిపోయాయి. "అందుకే నాకే వదిలారా బంతి?"

"నీకే వదిలాను. ఇంకెవరైనా అయితే ఆగేవాళ్లు."

పిల్ల తువ్వాలు మడిచి ఒళ్లో పెట్టుకుంది. "ఎన్నాళ్లు పట్టింది మీకు, అది మరిచిపోవడానికి?" అని అడిగింది.

సబేలా తలెత్తి గోడ గడియారం చూసింది.

"ఇప్పుడే, ఓ పావుగంట అయింది."