నాలోకి వచ్చిన గుప్పెళ్ల బియ్యం

“ఇంత పెద్దదా! నింపలేకపోతే నలుగురిలో నవ్వులపాలవమూ?” నన్ను చూడగానే సువార్తమ్మ అన్న మాట అది.

నేను ఒక బియ్యం డబ్బాను. గుంటూరులో రేకుల కొట్టులో పుట్టాను. సువార్తమ్మ భర్త ఏసోబు మేడలకు రంగులేసేవాడు. చేతినిండా పనున్న రోజుల్లో నన్ను భుజాన మోసుకొచ్చాడు. ఆమె భయం నాకూ అంటుకుంది. గ్లాసు లోపలికి దిగినప్పుడల్లా, అడుగు తగులుతుందేమోనని హడలిపోయేదాన్ని.

ఎసట్లో పోసేముందు ఆమె గుప్పెడు బియ్యం తీసి విడిగా ఓ చిన్న కుండలో వేసేది. ఆదివారం అవి చర్చికి వెళ్లేవి. అందరి గుప్పెళ్లూ కలిపి లేనివాళ్లకు పంచేవారు.

మూడో ఏడు ఏసోబు మేడ మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. నెల తిరిగేసరికి నాలో గాలి తప్ప ఏమీ లేదు. సువార్తమ్మ ఎదురింటి కరుణమ్మ దగ్గర రెండు గ్లాసుల బియ్యం బదులు తెచ్చి, అందులోంచీ గుప్పెడు తీసింది!

“నీకేమన్నా పిచ్చా వదినా? బదులు బియ్యంలోనూ దేవుడికి వాటానా?” అని కరుణమ్మ ఒకటే నవ్వు.

ఆ సోమవారమే పాస్టరమ్మ సంచి తెచ్చి నాలో ఒంపింది. సన్నవి, లావువి, రేషనువి, అన్నీ కలిసిపోయిన బియ్యం. ఆ బదులు గుప్పెడు కూడా వాటిలోనే ఉండి ఉంటుంది. మనుషుల లెక్క మనుషులకే తెలియాలి.

వాటితో నెట్టుకొస్తూ సువార్తమ్మ బండి మీద దోసెలు పోయడం మొదలుపెట్టింది. రెండేళ్లకు నేను మళ్లీ నిండాను. అప్పటికి కరుణమ్మ మొగుడు పనిచేసే మిర్చి గోడౌను మూతపడింది. వాళ్ల చిన్నపిల్ల బడిలో ప్రార్థనప్పుడు కళ్లు తిరిగి పడిపోయింది. అయినా పాస్టరమ్మ సంచిని కరుణమ్మ గుమ్మంలోంచే తిప్పి పంపింది. పెట్టిన చెయ్యి, చాచలేకపోయింది.

మర్నాడు సువార్తమ్మ నన్ను, నిండుగా ఉన్నదాన్ని ఉన్నట్టే, ఇంట్లోవాళ్లు సాయం పట్టగా దోసెల బండి మీదికెక్కించి, ఒక్కతే తోసుకుంటూ ఎదురింటి ముందు ఆపింది.

“వదినా, తలుపు తియ్యి. నీ బియ్యం తిని బతికినోళ్లం. కాదంటే నేను మొహం ఎక్కడ పెట్టుకోను?”

లోపల పిల్ల దగ్గింది. నాకు అన్నీ చెడ్డ ఊహలే. తియ్యకపోతే? ఇంకోసారి పడిపోతే ఆ పిల్ల లేస్తుందా? ఎండకు నా మూత కాలిపోతోంది. గొళ్లెం కదిలినట్టే కదిలి ఆగిపోయింది. సువార్తమ్మ మాత్రం కదల్లేదు.

చివరికి తలుపు వెనక నుంచి కరుణమ్మ గొంతు వినిపించింది.

“ఒక్కదానివే దింపలేవులే వదినా. ఉండు, వస్తన్నా.”