అతిథి భోజనశాల సహాయకురాలు

“ఎట్లాగూ ఇంట్ల వండుతనే ఉన్నవు గద మనోరమా, దాన్నే పని కింద రాసేసిన” అన్నాడు రాధాకిషన్, జొన్నరొట్టె తుంచి పప్పులో అద్దుకుంటూ.

మనోరమ పొయ్యి ముందు ఇంకో రొట్టె తడుతోంది. ఏం పని, ఎక్కడ రాశారు అని అడగబోయింది గాని, ఆయనకు ఎదుటివాళ్ల ప్రశ్నతో అవసరం లేదు. తనే మొదలుపెడతాడు, తనే ముగిస్తాడు, మధ్యలో రొట్టె మాత్రం ఆమె వేయాలి. ఇది అరవై నాలుగో సంవత్సరం మాట. వికారాబాదు ఊరి బయట కొత్తగా లేచిన కాలేజీలో ఆయన అర్థశాస్త్రం లెక్చరర్. ఫీజు కట్టలేని పిల్లలు చదువుకుంటూనే కాలేజీలో రోజుకు రెండు గంటలు పని చేయాలి, లైబ్రరీలో పుస్తకాలు సర్దడమో, లాబొరేటరీలో గాజుసామాను కడగడమో, తోటకు నీళ్లు పట్టడమో. దానికి బదులు ఫీజు మాఫీ. ఆ పథకం పెట్టింది ఆయనే, నడిపేదీ ఆయనే. ఇప్పుడు యూనివర్సిటీ వాళ్లు మీ పథకంలో ఆడపిల్లలెందరని అడిగారట. ఉన్నది ఒక్కతే. ఇంకొకతె దొరికితే బాగుండునని చుట్టూ చూస్తే, బి.ఏ. ఆఖరి ఏడు చదువుతున్న భార్య పొయ్యి దగ్గరే కూర్చుని ఉంది. పట్నం నుంచి రైల్లో వచ్చి పాఠం చెప్పిపోయే లెక్చరర్లు ఎలాగూ ఆయనింట్లోనే తింటారు. కాబట్టి పది నుంచి పన్నెండు దాకా ఆ వంటిల్లు కాలేజీ వారి అతిథి భోజనశాల, మనోరమ అందులో సహాయకురాలు.

సహాయకురాలట! మరి అసలు వంటమనిషి ఎవరో ఆ మహానుభావుడే చెప్పాలి. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ ఇంట్లో ఆమె తప్ప ఇంకొకరు గరిటె పట్టింది లేదు. మనోరమకు ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్లు మండింది. తాండూరులో పుట్టింటివాళ్లదీ అత్తింటివాళ్లదీ కందిపప్పు వ్యాపారమే, ఒకే బజారులో ఎదురెదురు దుకాణాలు. మెట్రిక్ పాసైన పిల్ల అని మామగారు ఊరంతా చెప్పుకుని మరీ కోడల్ని చేసుకున్నాడు. తీరా వచ్చాక ఆ మెట్రిక్ పచ్చళ్ల జాడీల మీద పేర్లు రాయడానికి తప్ప దేనికీ పనికిరాలేదు. కాలేజీ పెట్టినప్పుడు ఆడపిల్లల బెంచీ ఖాళీగా కనబడుతోందని రాధాకిషనే ఆమెను చేర్పించాడు. బెంచీ నింపడానికి వెళ్లిన మనిషి కాస్తా నిజంగానే చదవడం మొదలుపెట్టింది. చరిత్ర పాఠం జరుగుతున్నంతసేపూ ఆమెకు ఇల్లు గుర్తుకురాదు. అక్కడ ఎవరూ ఆమెను ఉప్పు అడగరు, నీళ్లు అడగరు. పరీక్ష పాసై ఏదైనా బడిలో పంతులమ్మగా చేరాలని ఆమె కోరిక. ఆ కోరిక ఎవరితోనూ అనలేదు, అంటే దానికీ ఏదో ఒక పని చెప్తారేమోనని భయం.

పోయినేడు పరీక్ష రాయాల్సిందే, రాయలేదు. ఆడబిడ్డ పురుడు, ఆ వెనక బారసాలకు వచ్చిన చుట్టాలు, ఆ వెనక మామగారి మోకాళ్ల నొప్పులు. “నాలుగొద్దులు క్లాసుకు పోకుంటే ఏమైతది?” అనేవాడు రాధాకిషన్ ప్రతిసారీ. ఆ నాలుగొద్దులన్నీ కలిసి చివరికి హాజరు చాలకుండా పోయింది. ప్రిన్సిపాలు మెత్తని మనిషి, లెక్చరర్ గారి భార్య కదా, ఏదో సర్దుదాం అన్నాడు. అప్పుడు ఈయన లెక్చరర్ల సమావేశంలో లేచి నిలబడ్డాడు. “నియమం నియమమే. నా భార్య అయినా సరే, హాజరు లేకపోతే పరీక్షకు పంపడానికి వీల్లేదు” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎంత నిక్కచ్చి మనిషి, ఎంత నీతిపరుడు! ఇంటికొచ్చి ఆ ముచ్చట మళ్లీ ఆమెకే చెప్పాడు, కాళ్లు కడుక్కోవడానికి చెంబు అందుకుంటూ. “మస్తు మెచ్చుకున్నరు, తెలుసా?” అని. ఆమె ఎవరి కోసం క్లాసు మానిందో అక్కడ అడిగినవాడు ఒక్కడూ లేడు. ఈ మాట నీకు నలుగురిలో తిరిగి ఇవ్వకపోతే నా పేరు మనోరమే కాదు అనుకుంది ఆమె ఆ పూట. అనుకుని వెళ్లి పప్పు రుబ్బింది. రుబ్బకపోతే మర్నాటికి ఉండదు మరి.

పథకంలో అప్పటికే ఉన్న ఆడపిల్ల పేరు బుగ్గమ్మ. పూడూరు దగ్గరి గొర్లకాపరుల ఇంటి పిల్ల, హాస్టల్లో ఉండి చదువుతోంది. లాబొరేటరీలో గాజుసామాను కడగడం ఆమె వంతు. ఒకనాడు మనోరమ నోట్సు అడుగుదామని అక్కడికి వెళ్లింది. బుగ్గమ్మ మోచేతుల దాకా సబ్బు నురగతో తొట్టి ముందు నిలబడి ఉంది. అంతలో గంట మోగింది. బుగ్గమ్మ చేతిలో ఉన్న గాజు గిన్నెను సగం కడిగింది కడిగినట్టే పెట్టేసి, చేతులు తుడుచుకుంది.

“అమ్మాయీ, ఆ నాలుగూ కడిగేసి పో” అన్నాడు లోపల్నుంచి లెక్చరరు.

“గంటయింది సార్. రేపొచ్చి కడుగుత” అని పుస్తకాలు తీసుకుని బయటికి నడిచింది బుగ్గమ్మ. ఆ గొంతులో పొగరూ లేదు, భయమూ లేదు.

తనే ఏదో తప్పు చేసినట్టు వెనక్కి చూసుకుంటూ మనోరమ ఆమె వెంట నడిచింది. “కోపం చేసుకోడానే సారు?”

“చేసుకోనీ అక్కా. వరండా గోడకు అంటువెట్టిండ్రు గద, రెండు గంటలైతె ఎక్కడి పని గక్కడ ఇడిచిపెట్టి క్లాసుకు పోవాలని. మీ సారు రాసిందే. నువ్వు సూడలే?”

“నేను గూడ పథకంల ఉన్న బుగ్గమ్మా.”

“అయితె నీకు గూడ అదే గంట. నీకోసం యేరేగ కొడ్తరా ఏంది?”

మనోరమ వెళ్లి చూసింది. ఆయన చేతిరాతే. గుండ్రటి అక్షరాలు, కింద సంతకం. ఏ విద్యార్థి చేతా రెండు గంటలకు మించి పని చేయించరాదు, క్లాసు వేళకు పని ఏ స్థితిలో ఉన్నా వదిలి వెళ్లవలెను. మళ్లీ మళ్లీ చదివింది. ఇంతకాలం పొయ్యి దగ్గర తను చేసినదానికి మొదలూ తుదీ ఉండేది కాదు. లేచినప్పుడు మొదలు, పడుకున్నప్పుడు ఆపు, మధ్యలో ఒంట్లో బాగాలేకపోతే కూడా దానికి పేరు లేదు. ఇప్పుడు ఫీజు మిగుల్చుకోవడానికి, నలుగురిలో మెప్పు కోసం ఆయనే దానికి ఒక పేరు పెట్టాడు, ఒక వేళ పెట్టాడు, కింద సంతకం కూడా చేశాడు. తను ఏం చేశాడో ఆయనకు ఇంకా తెలియదు. తెలిసే రోజు మనోరమే చూపించాలి. ఆ తలపుకే ఆమెకు కడుపు చల్లగా అయింది, చాలా ఏళ్లుగా ఎరగని చల్లదనం.

రోజూ మాత్రం పాత పద్ధతే నడిచింది. అతిథులు కబుర్లు చెప్పుకుంటూ పన్నెండు దాటేదాకా తినేవారు. వండిన ఆడది చివరి మనిషి చేయి కడిగేదాకా పొయ్యి వదలకూడదు, ఆ ఇళ్లల్లో అది ఆచారం. కాలేజీ గంట ఇంట్లోకే వినబడేది, అయినా ఆమె ఉరుకుతూ వెళ్లేసరికి హాజరు పిలవడం అయిపోయేది. చివరికి ప్రిన్సిపాలు పిలిపించాడు. “అమ్మా, ఇక ఒక్క రోజు తప్పినా నా చేతుల్లో లేదు. ఈ ఏడు కూడా పోతుంది” అన్నాడు.

ఆ వారమే కబురొచ్చింది, యూనివర్సిటీ కమిటీ వస్తోందని. పథకం చూస్తారు, నచ్చితే మిగతా కాలేజీల్లోనూ పెడతారు, రాధాకిషన్‌ను పట్నానికి పిలుస్తారు. ఆయన కాళ్లు నేల మీద నిలవడం లేదు.

“ఆ దినం బక్షాలు చెయ్యాలె. పెనం మీదికెల్లి వేడివేడిగ ఆకుల పడాలె. క్లాసుకు పోకు” అన్నాడు.

“పోకుంటే నన్ను పరీక్షకు పంపరు. ప్రిన్సిపాలు సారు చెప్పిండు.”

“వచ్చే ఏడు రాసుకో. పరీక్ష యాడికి పోతది?”

పోయినేడూ ఇదే మాట. ఇంత తేలిగ్గా, గోరు తీసి పారేసినట్టు! మనోరమ పొయ్యిలో కట్టె ఎగదోసింది. ఆమె ఊరుకుందంటే ఒప్పుకుందని ఆయన లెక్క. ఆ లెక్క ఇన్నేళ్లూ ఒక్కసారి కూడా తప్పలేదు.

ముందురోజే తాండూరు నుంచి ప్యాసింజరులో అత్త అనసూయమ్మ దిగింది, కందిపప్పు మూటతో. బక్షమంటే బొబ్బట్టే గాని, తాండూరు బక్షంలో పూర్ణం కందిపప్పుతోనే పెట్టాలి, శనగపప్పు పెడితే ఆమె ముట్టదు. “నీ అచ్చరాలు పొయ్యిల పెడ్తె రొట్టె కాలుతదా? మొగని పేరు నిలవెట్టు, గదే నీ చదువు” అంది కొంగు దోపుకుంటూ. మనోరమ పూర్ణం రుబ్బుతూ, ఇందులో గుప్పెడు ఉప్పు పోస్తే ఎలా ఉంటుంది అని ఆలోచించింది. ఎంత బాగుంటుంది! కమిటీ మొహాలు, ఈయన మొహం! కానీ వద్దు. ఉప్పు పోస్తే వంట చేతగాక, సిగ్గుపడి లేచిపోయింది అంటారు. బక్షాలు దివ్యంగా ఉండాలి. నోట్లో వేస్తే కరగాలి. ఇంకొకటి, ఇంకొకటి అని వాళ్లు చేయి చాచాలి, అప్పుడు లేవాలి. ఆమె ఏలకులు దంచి ఇంకాస్త ఎక్కువే వేసింది.

కమిటీ వచ్చింది. పొద్దున సభలో రాధాకిషన్ పనిలో చిన్నదీ పెద్దదీ లేదని, చెమట చుక్కకు కులం లేదని చాలాసేపు మాట్లాడాడట. దాంతో ఆకులు వేసేసరికే పదకొండున్నర దాటింది. తాండూరు బండలు పరిచిన ముందు గదిలో బారుగా కూర్చున్నారు, నలుగురు కమిటీ వాళ్లు, ప్రిన్సిపాలు, చివర్లో రాధాకిషన్. అనసూయమ్మ గుమ్మంలో నిలబడి నెయ్యి పోస్తోంది. మనోరమ కాల్చడం, తెచ్చి వేయడం, మళ్లీ వెళ్లి కాల్చడం.

“అద్భుతం” అన్నాడు తెల్ల మీసాల కమిటీ పెద్దాయన. “ఇంతకీ రాధాకిషన్ గారూ, బుగ్గమ్మను చూశాం. ఆ రెండో అమ్మాయి ఎక్కడ పని చేస్తోంది?”

“అతిథి భోజనశాలలో అండీ. ఇంకో బక్షం వేయించుకోండి” అన్నాడు రాధాకిషన్ గబగబా.

గంట మోగింది.

పెనం మీద బక్షం ఒకవైపే కాలింది. మనోరమ దాన్ని తిప్పలేదు. చేతులు కడుక్కుని, గూట్లోంచి పుస్తకాలు తీసుకుని, ముందు గదిలోకి వచ్చింది.

“సార్, ఆ రెండో అమ్మాయిని నేనే. నేను పని చేసే భోజనశాల ఇదే. నా రెండు గంటలు అయినయి, క్లాసుకు పోతున్న.”

“మనోరమా, లోపలికి పో” అన్నాడు రాధాకిషన్ పళ్ల మధ్యనుంచి.

“లోపలి పనే అయిపోయింది. నియమం నియమమే గద? మీ భార్య అయినా సరే.”

ప్రిన్సిపాలు తల వంచుకుని ఆకులో పులిహోర వెతుక్కున్నాడు. కమిటీ పెద్దాయన ఆమె వైపు చూశాడు, ఆయన వైపు చూశాడు. “మీ ఆవిడా?” అన్నాడు. మళ్లీ తన ఖాళీ ఆకు వైపు చూసుకుని, “మరి బక్షాలు ఎవరు వేస్తారమ్మా?” అన్నాడు.

“పథకం పెట్టిన సారు వేస్తరు. పనిల చిన్నదీ పెద్దదీ లేదని పొద్దున మీకు చెప్పింది వారే గద.”

చెప్పులు వేసుకుని నడిచింది. వెనక ఎవరో పిలిచారు, ఎవరా అని ఆమె తిరిగి చూడలేదు. క్లాసులో ఆమె పేరు పిలిచినప్పుడు “ప్రెజెంట్ సార్” అన్న గొంతుకు వెనక బెంచీ వాళ్లు కూడా తలెత్తారు.

మిగతాది సాయంత్రం బుగ్గమ్మ చెప్పింది, పొట్ట పట్టుకుని నవ్వుతూ. ఆ వేళ ఆమెకు క్లాసు లేదు, పథకం గురించి ఇంకా అడగాలని కమిటీ వాళ్లే ఆమెను అక్కడికి పిలిపించారట. “ముసలమ్మ పొయ్యికాడికి ఉరుకవోయింది అక్కా. ఆ మీసాల సారు, మీరు కూర్చోండమ్మా, సారు చేస్తున్నారుగా అన్నడు. మీ సారు పెనం మీదిది చేత్తోని తిప్పవోయి యేళ్లు కాల్చుకున్నడు. మాడిపోయిన బక్షం ఆకుల ఏస్తె, ఆ సారు కిమ్మనకుంట తిన్నడు. తిని, ఇంకొకటి అన్నడు!” మనోరమ కూడా నవ్వింది. కాలిన వేళ్ల మీద జాలి పడదామని చూసింది, జాలి రాలేదు. రానందుకు బాధ కూడా కలగలేదు.

ఇంటికి వచ్చేసరికి పొద్దు కుంకుతోంది. పొయ్యి చల్లగా ఉంది. అనసూయమ్మ జొన్నపిండి గిన్నె ముందు పెట్టుకుని, కోడలు వస్తే రొట్టెలు తట్టించాలని కూర్చుంది. “మొగన్ని పదిమందిల పొయ్యికాడ నిలవెడ్తివి గదనే! ఇగ తాండూరుల మొకమెట్ల ఎత్తుకోవాలె?” అంది. మనోరమ పిండి గిన్నె దాటి వెళ్లి, గోడకు ఆనుకుని కూర్చుని పుస్తకం తెరిచింది.

రాధాకిషన్ వేళ్లకు గుడ్డ చుట్టుకుని గదిలో ఇటూ అటూ తిరుగుతున్నాడు. పట్నం పిలుపు మాట ఎవరూ ఎత్తకుండానే కమిటీ బండెక్కింది. పొద్దుటి నుంచి ఆయన నోట్లో నానుతున్న కోపమంతా ఒక్కసారి బయటికొచ్చింది.

“నన్ను నవ్వులపాలు చేసినవ్. రేపు పొద్దుగాల్నే పోయి పథకంలకెల్లి నీ పేరు కొట్టేస్త. ఏమనుకున్నవో!”

మనోరమ తలెత్తి, చదువుతున్న వాక్యం మీద వేలు పెట్టుకుని ఆయన వైపు చూసింది.

“కొట్టెయ్యుండ్రి” అంది. “అప్పుడు ఆ రెండు గంటలు గూడ వండ.”