గొట్టం తీసేసి రా

"గొట్టం తీసేసి రా, మనుషులొచ్చారు" అన్నారు మా ఆయన, వంటింటి గుమ్మంలోకి తల పెట్టి. ఆయన ఎప్పుడూ అనే మాటే. ఇంటికి ఎవరొచ్చినా నేను ముక్కుకున్న ఆక్సిజన్ గొట్టం తీసి మేకుకి తగిలించి, మొహం కడుక్కుని, నవ్వుతూ రావాలి. రోగిష్టి పెళ్ళాం ఉందని నలుగురికీ తెలిస్తే ఆయనకి తలవంపులట. దూది దుమ్ముతో ఆ రోగం తెచ్చిన మిల్లులో నా జీతం మాత్రం ఆయనకి ఏనాడూ తలవంపులనిపించలేదు.

ఆ రోజు వచ్చింది చుట్టాలు కాదు. నా ఆక్సిజన్ మిషన్ ప్రభుత్వ ఆరోగ్య బీమా కింద ఇచ్చింది. అది ఇంకా అవసరమా కాదా అని చూసి వెళ్ళడానికి ఏడాదికోసారి బీమా ఆఫీసావిడ వస్తుంది. ఆ సంగతి తెలిసీ, అలవాటు కొద్దీ గొట్టం తీసేశాను. మంచినీళ్ళిచ్చాను, టీ పెట్టాను. ఆయాసం తీరేదాకా వంటింటి గట్టు పట్టుకుని నిలబడి, ఎవరికీ కనపడకుండా ఊపిరి కూడదీసుకుని, అప్పుడొచ్చి కూర్చున్నాను. మా అత్తగారు మురిసిపోతూ, మా కోడలు మంచాన పడే రకం కాదమ్మా, ఇంటి చాకిరీ అంతా ఒంటిచేత్తో లాగేస్తుంది అని చెప్పింది. పెళ్ళయ్యాక ఆవిడ నోటినుంచి మెచ్చుకోలు వినడం అదే మొదలు. సిగ్గులేని మనసు, పొంగిపోయింది. ఆఫీసావిడ నా వేలికి, ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూపించే క్లిప్పు పెట్టి చూసింది. కూర్చుని ఉంటే నాకు అంకె బాగానే వస్తుంది, పని చేస్తేనే పడిపోతుంది. అది నేనూ చెప్పలేదు, ఆవిడా అడగలేదు.

వారం తిరక్కుండా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. రోగి ఇంటిపనులు సొంతంగా చేసుకుంటున్నారు కాబట్టి మిషన్ వాపసు తీసుకుంటారట. నా టీ, నా నవ్వు, అత్తగారి మెచ్చుకోలు కలిసి నా ముక్కే మూశాయి. మిషన్ లేకపోతే గుండె మీద భారం పడుతుంది, ఎక్కువ కాలం నిలబడదని డాక్టరు ముందే చెప్పాడు. ఆ మెసేజ్ పట్టుకెళ్ళి ఇంట్లో చూపించాను. మా ఆయనేమో నా మీదే విరుచుకుపడ్డారు. రోగం ఉన్నదానివి రోగిలా పడుండక, ఆ హుషారంతా ఎవరు చూపించమన్నారట! ఒళ్ళు మండిపోయింది.

బతిమాలి అర్జీ పెట్టుకుంటే మళ్ళీ చూడ్డానికి ఒప్పుకున్నారు. ఈసారి మా ఆయన నాకు పాఠం చెప్పారు, పడుకో, మూలుగు, లేవకు అని. ఉన్న రోగానికి నాటకం దేనికి? ఆఫీసావిడ రాగానే గొట్టంతోనే ఎదురెళ్ళాను.

"ఆ రోజు కూర్చోబెట్టి చూశారు. ఇవాళ పని చేస్తుంటే చూడండి" అన్నాను.

క్లిప్పు వేలికి పెట్టించుకుని, పెరటిదాకా అందని గొట్టం తీసి, తడిబట్టల బకెట్టు ఎత్తుకుని పెరట్లోకి నడిచాను. దుప్పటి దులిపి తీగ మీద వేసేసరికి కళ్ళు చీకట్లు కమ్మాయి. క్లిప్పు కూత పెట్టింది. ఆఫీసావిడే పరుగున వచ్చి నన్ను పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది, తన చేత్తోనే గొట్టం ముక్కుకి పెట్టింది. రోజూ ఇలాగే చేస్తున్నారా అని అడిగింది. తలూపాను.

మిషన్ ఉంచేస్తామని ఆవిడ చెప్పగానే మా అత్తగారు హమ్మయ్య అనుకుంది. ఇక మా కోడలికి ఢోకా లేదు, ఎప్పట్లా పనులన్నీ చేసుకుంటుంది అంది. మా ఆయనా తేలికపడి, మేడంగారికి టీ అన్నట్టు నా వైపు చూశారు.

ఆ చూపుకి నా కాళ్ళు వాటంతటవే లేవబోయాయి, అబద్ధమెందుకు. గొట్టం సర్దుకుని వెనక్కి ఆనుకున్నాను.

"ఈ గాలి నేను బతకడానికి ఇచ్చారు అత్తయ్యా, చాకిరీకి కాదు. టీ మీ అబ్బాయిని పెట్టమనండి."