కిటికీకి అడ్డం నిలబెట్టిన పరుపు

నేను ఒక దూది పరుపును. చాలా ఏళ్లుగా నాకొక సందేహం ఉంది. దేవుడి కోసం వాయించిన పాటను దారిలో మరొకరు మింగేస్తే, అది దేవుడికి ముట్టినట్టా, ముట్టనట్టా? పెద్దలనెవరినైనా అడుగుదామంటే పరుపు మాట వినేవారెవరు? నా మీదికి వచ్చినవాళ్లంతా నిద్రపోవడానికి వచ్చినవాళ్లే.

నేను పుట్టింది చీరాలలో, బందగీ సాహెబు గారి పెరట్లో. ఆయన రామాలయంలో సన్నాయి విద్వాంసుడు. కూతురు కాశింబీ పెళ్లికని దూది కొని, ఏకే మనిషిని పిలిపించాడు. ఆ మనిషి విల్లు నారిని కొడుతుంటే అది టంయ్ టంయ్‌మని మోగేది. దూది ముద్దలు విడిపోయి పొగమంచులా లేచేవి. నాకు ప్రాణం పోసిందే ఒక మోత గనక సంగీతంలో నాకూ ఇంత వాటా ఉందనుకున్నాను.

ఆ వాటా ఎవరిదో అత్తవారింట తెలిసింది. పెళ్లికొడుకు హసేన్ బందగీ సాహెబు గారి శిష్యుడే. మామగారి తరవాత గుడిలో సన్నాయి అతనిదే అయింది. గదిలో నాకు ఎదురుగా గోడకు సన్నాయి వేలాడేది. దానికి పట్టుగుడ్డ సంచి. వారానికోసారి కొబ్బరినూనె మర్దన. దాన్ని ముట్టుకునే ముందు నోరు పుక్కిలించి కాళ్లు కడుక్కునేవారు. నా మీదికి మాత్రం వీధి దుమ్ముతోనే ఎక్కేవారు. నాకు కుళ్లుగా ఉండేదని ఒప్పుకోవడానికి సిగ్గులేదు. ఇంటిల్లిపాదినీ వీపున మోసేది నేను, ముద్దులన్నీ దానికి!

కాశింబీ కూడా తండ్రి దగ్గర చిన్నప్పటినుంచీ సన్నాయి నేర్చుకుంది. పిల్లల పెంపకంలో ఇరవై ఏళ్లు దాన్ని ముట్టుకోలేదు. తీరిక దొరికాక తండ్రి పాత సన్నాయి బయటికి తీసింది. మధ్యాహ్నం నమాజు చదువుకుని, తలమీద కొంగు సర్దుకుని, పెరటి కిటికీ దగ్గర కూర్చుని రామకీర్తనలు వాయించేది. అందులో వింత ఏముందో ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. హసేన్ ఆ వేళకు పిల్లలకు పాఠాలు చెప్పడానికి వేటపాలెం వెళ్లేవాడు.

ఆమె కోరిక ఒక్కటే. శ్రీరామనవమి కల్యాణంలో భర్త పక్కన రెండో సన్నాయి పట్టుకుని కూర్చోవాలి. అడిగితే, "చూద్దాంలే" అన్నాడు హసేన్. ఏటా పొరుగూరి మనిషినే జోడుకు పిలిచాడు.

ఒకరోజు సాయంత్రం గుడినుంచి వచ్చి అన్నం కెలికి లేచాడు. ఏమైందని ఆమె అడిగితే, పక్కింటి పానకాలు సన్నాయి మోత భరించలేకపోతున్నాడనీ, ఇరుగుపొరుగుతో తగువు మంచిది కాదనీ అన్నాడు. ఎలాగూ ఫోనులో పాఠాలు రికార్డు చేయాలి, ఆ గదిని స్టూడియో చేసేస్తే మోత బయటికి పోదన్నాడు. పానకాలు నేతగాడు. పొద్దున మొదలుపెడితే చీకటి పడేదాకా వాళ్లింట్లో మగ్గం టకటకలాడుతూనే ఉంటుంది. ఆ సంగతి కాశింబీకి తట్టలేదు. మొగుడి మాట మీద ఆమెకు అంత నమ్మకం.

గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించారు. తలుపుకు గోనెసంచులు కుట్టారు. నన్ను నిలబెట్టి కిటికీకి అడ్డంగా మేకులు కొట్టారు. హసేన్ ఆమెను వాయించమని తాను వీధిలోకి వెళ్లేవాడు. చెవి పెట్టి విని, తిరిగొచ్చి, "ఇంకా వినపడతానే ఉంది" అని మరో పొర వేసేవాడు. అలా మూడు రోజులు. తాను వాయించేటప్పుడు మాత్రం తలుపు బార్లా తెరిచే ఉండేది. ఉక్కగా ఉంటుందట!

ఆ రోగం ఏమిటో నేను వెంటనే పోల్చుకున్నాను. నాలోనూ అదే ఉంది గనక.

అయినా నేను నోరు మెదపలేదు. ఎందుకంటే నాకు అది పండగ. నాకు చెందకుండా పోయిన సంగీతమంతా ఇప్పుడు వరసపెట్టి నాలోకే వచ్చేది. ఆమె మోహనరాగం ఎత్తుకుంటే నా దూది పోగు పోగునా నిండేది. వీధికి చుక్క వదిలేదాన్ని కాదు. బయట పిచ్చుక కూసినా, అది విన్నదేమోనని ఉలిక్కిపడేదాన్ని. ఆమె మాత్రం వాయించి వాయించి, ఆపి, గోడలకేసి చూసేది. వినేవాళ్లు లేని పాట చెమ్మలాగా ఆమె ముఖం మీదే మిగిలిపోయేది. అది చూసీ చూడనట్టు మూడేళ్లు గడిపాను.

మొన్న మాఘమాసంలో పానకాలు తన కూతురి పెళ్లికి సన్నాయి మాట్లాడుకోవడానికి వచ్చాడు. గది తలుపు తెరిచే ఉంది. వసారాలో మాటలన్నీ నాకు వినబడ్డాయి.

"జోడు సన్నాయి కావాలి బావా" అన్నాడు. "నువ్వెటూ ఉంటావు. రెండో ఆయన మాత్రం మీ ఇంట్లో మధ్యాన్నాలు వాయించేవాడే, ఆయనే రావాల. ఆ చెయ్యి ఆగిపోయి మూడేళ్లాయె. ఆ పాట మీద మగ్గంలో నాడె ఇసురుతుంటే గజం గుడ్డ ఎప్పుడు దిగేదో తెలిసేది కాదు."

టీ తెస్తున్న కాశింబీ గుమ్మంలోనే ఆగింది. "నీకు మోత అడ్డమనే గదా అన్నా ఆపింది?"

"నాకా?" పానకాలు నవ్వాడు. "పొద్దస్తమానం మగ్గం కొట్టేవాడికి మోత అడ్డమా చెల్లెమ్మా? ఎవరు చెప్పారు నీకు?"

ఆమె టీ గ్లాసులు వాళ్ల ముందు పెట్టి లోపలికి వెళ్లింది. ఆ రెండో ఆయన ఎవరో చెప్పమని పానకాలు హసేన్‌ను అడిగాడు. హసేన్ గ్లాసులోకి చూస్తూ, ఆయన ఊళ్లో లేడు, కబురుచేస్తాలే అన్నాడు.

కాశింబీ పోట్లాడలేదు. అన్నం పెట్టింది, బట్టలు ఉతికింది, ఐదు పూటలా నమాజు చేసుకుంది. సన్నాయి మాత్రం ముట్టుకోలేదు. నాలుగు రోజులు అలా గడిచాక నాకు ఒక సంగతి అర్థమైంది. నేను మూడేళ్లు దాచుకున్నానన్న పాటలో ఒక్క స్వరమూ నా దగ్గర లేదు. నాలో ఉన్నది దూదే.

ఐదోరోజు మధ్యాహ్నం హసేన్ సుత్తి తీసుకుని గదిలోకి వచ్చాడు. ఒక్కో మేకూ పీకుతుంటే నా గుడ్డ పర్రున చిరిగింది. నన్ను పెరట్లోకి ఈడ్చి కిటికీ కింద పడేశాడు. పాడు పరుపును కొత్తగా ఏకించి దిండ్లు చేయిస్తారట. తెరుచుకున్న కిటికీ దగ్గరికి కాశింబీ వచ్చి నిలబడింది. అతను పెరట్లోనే, నా పక్కనే నిలబడి, ఆమె ముఖంలోకి చూడకుండా చెప్పాడు.

"ఆ రోజు గుడి దగ్గర ధర్మకర్త గుర్నాథం గారు నన్నాపారు. మధ్యాన్నం మన వీధిన పోతా మోహన విన్నారంట. 'ఇన్నేళ్లలో ఇంత బాగా ఎప్పుడూ వాయించలేదయ్యా' అని స్వామి మెళ్లో దండ తీయించి నా మెళ్లో వేశారు. నాది కాదని చెప్పడానికి నోరు రాలేదు. ఆ దండ ఇంటికి తేలేక కాలవలో వేశాను."

"అప్పుడే చెప్పి ఉంటే నవ్వుకునేదాన్ని" అంది కాశింబీ. "ఇప్పుడు నవ్వు రావడం లేదు."

హసేన్ చొక్కా వేసుకుని వెళ్లాడు. ముందు పానకాలు ఇంటికి వెళ్లినట్టున్నాడు. "ఆ చెయ్యి చెల్లెమ్మదా?" అన్న కేక, ఆ వెంటనే ఆగిపోయిన మగ్గం, రెండూ గోడ ఇవతలికి వినబడ్డాయి. అక్కడినుంచి గుడికి వెళ్లాడు. ధర్మకర్తతో ఏం చెప్పాడో, ఆయన ఏమన్నాడో నాకు తెలియదు. పొద్దువాలే అసర్ నమాజు వేళకు తిరిగి వచ్చేసరికి చెవులు ఎర్రగా ఉన్నాయి. చేతిలో అరిటాకు పొట్లం ఉంది. ఇంట్లోకి వెళ్లకుండా పెరట్లోకే వచ్చి, కిటికీ ఊచల్లోంచి దాన్ని ఆమెకు అందించాడు.

పొట్లంలో స్వామి మెళ్లోంచి తీసిన దండ. దాన్ని చూసి నాకు అసూయ పుట్టలేదని అబద్ధం ఆడలేను. కాశింబీ దాన్ని కళ్లకద్దుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది.

"తులసి తక్కువేశారే" అంది.

"ఆ రోజు దాంట్లోనూ ఇంతే ఉంది" అన్నాడు హసేన్.